కుక్క వెనక కాలు త్రీడీ మోడల్ కొన్నా, కండరాల లెక్క కుదరట్లేదు. తెలిసినవాళ్ళు చూసి చెప్పండి

రిగ్గింగ్_రమణ

ఉండేది బెంగళూరు, మారతహళ్ళి. గేముల్లో జంతువులకి రిగ్గింగ్ చేస్తుంటా, అంటే బొమ్మ కదలడానికి లోపల ఎముకలూ కీళ్ళూ అమర్చడం. ఈసారి వచ్చిన పని గేమ్ కాదు. ఒక శిక్షణ సంస్థకి కుక్క వెనక కాలు త్రీడీలో కావాలంట. చర్మం తీస్తే పైపొర కండరాలు, అవి తీస్తే లోపలివి, అలా ఎముక దాకా వెళ్ళాలి. ఫోన్లో బ్రౌజర్ తెరిచి తిప్పి చూసేలా ఉండాలి. వేలు పెడితే పేరు రావాలి, కాలు కదిపితే ఏది బిగుస్తుందో కనపడాలి.

మొదట్నుంచీ చెక్కే టైం లేదు. నెట్‌లో కుక్క వెనక కాలి కండరాలు అని అమ్మకానికి ఉన్న మోడల్ ఒకటి ఆరు వేల చిల్లర పెట్టి కొన్నా. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. కండరాలన్నీ విడివిడి ముక్కలు, రంగులు కూడా బాగున్నాయి.

గొడవలు రెండు. ఒకటి, నడక పెడితే కాలు అరువు తెచ్చి తగిలించినట్టుంది. మోకాలు వెనక్కి మడిచేసరికి తొడ వెనక కండ నలిగిపోతోంది. రెండు, క్లయింట్ ఇచ్చిన పేర్ల పట్టికకీ మోడల్లో ముక్కలకీ పొంతన లేదు. పట్టికలో ఉన్నవి కొన్ని మోడల్లో లేవు, మోడల్లో ఉన్నవి కొన్ని పట్టికలో లేవు. నేను చదివింది బీకాం. నా మొహానికి గ్లూటియల్ అంటే గోధుమపిండిలో ఉండేదనుకున్నా. ఎవరైనా దారి చూపించండి.

బిర్యానీ_లెగ్‌పీస్

లెగ్ పీస్ మీద నాకున్న అనుభవం ఇక్కడ పనికిరాదని తెలుసు, అయినా హాజరు వేయించుకుంటున్నా.

గన్నవరం_డాక్టరమ్మ

రమణ గారూ, మొదటి గొడవ నాకు అర్థమైంది. మీరు మోకాలు అనుకుని వెనక్కి మడుస్తున్నది మోకాలు కాదు. అది మడమ.

కుక్క వేళ్ళ మీద నడుస్తుంది. మనం మునివేళ్ళ మీద నిలబడితే మడమ గాల్లోకి లేస్తుంది చూడండి, దానికి జన్మంతా అదే భంగిమ. వెనక కాల్లో సగం ఎత్తున వెనక్కి పొడుచుకొచ్చిన మొన ఉంటుందే, అదే మడమ ఎముక, కాల్కేనియస్. ఆ కీలుని హాక్ అంటాం. అసలు మోకాలు ఇంకా పైన, పొట్ట చర్మం తొడని కలిసే చోటికి దగ్గర్లో ఉంటుంది. మన మోకాలిలాగే ముందుకి చూస్తుంది, దానికీ చిప్ప ఉంటుంది.

మీ రిగ్‌లో మోకాలి కీలు ఎక్కడుందో స్క్రీన్‌షాట్ పెట్టండి.

రిగ్గింగ్_రమణ

పెట్టక్కర్లేదు మేడమ్. హాక్ దగ్గరే ఉంది. నాలుగేళ్ళుగా తోడేళ్ళూ సింహాలూ అన్నీ ఇలాగే నడిపించా. ఇప్పుడు వాటిని తలుచుకుంటే భయమేస్తోంది.

బిర్యానీ_లెగ్‌పీస్

ఇన్నాళ్ళూ మడమలు మడిచి నడిపించినందుకు ఆ తోడేళ్ళన్నీ ఒకరోజు మారతహళ్ళి వస్తాయి అన్నా.

చిట్టి_వాళ్ళమ్మ

మా చిట్టి లాబ్రడార్, ఏడేళ్ళది. కిందటేడు మోకాల్లో క్రేనియల్ క్రూషియేట్ లిగమెంట్ తెగింది. ఆపరేషన్ ముందు డాక్టరు గారు టాబ్లెట్లో ఇలాంటి త్రీడీ కాలే తిప్పి చూపించారు. తొడ ఎముక కింద టిబియా ఎముక ముందుకి జారిపోకుండా ఆ లిగమెంట్ పట్టుకుంటుందని, అది తెగితే అడుగు వేసినప్పుడల్లా జారుతుందని. అందుకే టిబియా పైభాగం కోసి, కాస్త తిప్పి, ప్లేటు వేస్తారట. మాటల్లో చెబితే నాకు ఏమీ ఎక్కలేదు. బొమ్మ తిరుగుతుంటే రెండు నిమిషాల్లో ఎక్కింది.

ఆపరేషన్ తర్వాత ఆ తొడ సన్నబడిపోయింది. ముందువైపు కండ, క్వాడ్రిసెప్స్ అన్నారు, చేత్తో పట్టుకుంటే తెలిసేది. టేపు పెట్టి రెండు తొడలూ కొలిచేవారు. కూర్చోబెట్టి లేపడం, మళ్ళీ కూర్చోబెట్టడం, ఇదే వ్యాయామం. మా ఆయన "దానికి గుంజీలా?" అని నవ్వేవారు. చెప్పొచ్చేదేమిటంటే రమణ గారూ, మీ పని చిన్నదనుకోకండి. నాలాంటివాళ్ళకి పనికొస్తుంది.

బ్లెండర్_బాబాయ్

అమ్మా చిట్టికి ఎలా ఉందిప్పుడు?

రమణా, తొడ వెనక కండ నలగడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. పెద్ద కండరాన్ని ఒకే ముక్కగా ఉంచి మొత్తం తొడ ఎముకకే వెయిట్ పెయింట్ చేశావా, అంటే ఆ ఎముకతోనే కదిలేలా కట్టేశావా? కండరం రెండు కీళ్ళు దాటితే రెండు ఎముకలకీ పంచాలి. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటుందో తెలియకుండా వెయిట్లు వేయడమంటే కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమే.

చిట్టి_వాళ్ళమ్మ

బాగుంది బాబాయ్ గారూ. బాల్కనీలో పావురాల వెంట పడుతోంది.

గన్నవరం_డాక్టరమ్మ

బాబాయ్ గారు సరిగ్గా పట్టారు. నలిగేది బైసెప్స్ ఫెమోరిస్ అయ్యుంటుంది. తొడ బయటివైపు అంతటా కనపడే పెద్ద కండ అదే. పిరుదు ఎముక మొన, అంటే ఇస్కియల్ ట్యూబరాసిటీ దగ్గర, ఇంకా అక్కడి సాక్రోట్యూబరస్ లిగమెంట్ దగ్గర మొదలవుతుంది. కిందికొచ్చేసరికి విసనకర్రలా పరుచుకుంటుంది. మోకాలి చిప్ప మీదికి, టిబియా ముందంచుకి, ఒక పట్టీ మడమ మొనకి కూడా.

తమాషా ఏమిటంటే దాని ముందుభాగం మోకాలిని చాపుతుంది, వెనకభాగం ముడుస్తుంది. ఒకే కండరం, రెండు ఎదురు పనులు. మడమని పట్టుకున్న పట్టీ హాక్‌ని కూడా చాపుతుంది. అందుకని ఒకే వెయిట్ వేస్తే నలగడం ఖాయం. ముందు సగం, వెనక సగం వేరు చేసి చూడండి.

ఓరుగల్లు_వెట్

నేను బెంగళూర్ల పీజీ చేస్తున్న. బైసెప్స్ మాటొచ్చింది కాబట్టి చెప్త. మన కాలేజీలల్ల అనాటమీ మొత్తం బర్రెతోనే మొదలైతది. గొడ్లల్ల పిరుదు మీదుండే సూపర్‌ఫీషియల్ గ్లూటియల్, బైసెప్స్ ఫెమోరిస్ కలిసిపోయి ఒక్కటే కండరం ఉంటది, గ్లూటియోబైసెప్స్ అంటరు. కుక్కల రెండు వేర్వేరు. మొదటి సంవత్సరం పరీక్షల కుక్క కాలు ముంగట నిలబడి నేను "గ్లూటియోబైసెప్స్ సార్" అన్న. సారు నా దిక్కు సూసి "ఇది మొరుగుతదా, అంబా అంటదా?" అని అడిగిండు. ఇప్పటికీ దోస్తులు నన్ను అంబా అనే పిలుస్తరు.

బిర్యానీ_లెగ్‌పీస్

అంబా అన్నా, హ్యాండిల్ మార్చుకో.

వేపేరి_కత్తి

చెన్నైలో జంతువుల సర్జన్‌ని. 1903లో మొదలైన మద్రాస్ వెటర్నరీ కాలేజీలో చదివినవాడిని కాబట్టి పాతకాలం మాట ఒకటి అంటాను, తిట్టుకోకండి.

ఈ తిప్పే బొమ్మలతో అనాటమీ వచ్చేస్తుందనుకుంటే పొరపాటు. తెర మీద కండరాలన్నీ తలో రంగూ వేసుకుని, మధ్యలో ఖాళీ వదిలి, పెళ్ళి ఫొటోకి నిలబడ్డట్టుంటాయి. కత్తి పట్టినప్పుడు అలా ఉండదు. అన్నీ ఒకటే ఎరుపు. తొడ ఎముకకి ప్లేటు వేయాలంటే బయటివైపు నుంచి ఫేషియా లాటా అనే పొర కోసి, బైసెప్స్ ఫెమోరిస్‌ని వెనక్కీ క్వాడ్రిసెప్స్‌లో భాగమైన వాస్టస్ లాటరాలిస్‌ని ముందుకీ తప్పించి లోపలికి వెళ్తాం. ఆ రెండింటి మధ్య గీత మోడల్లో ఎర్రటి హద్దులా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆపరేషన్ టేబుల్ మీద వేలితో తడుముకుంటే తప్ప దొరకదు.

సయాటిక్ నరం ఆ బైసెప్స్ కిందనే పోతుంది. ఎంత మోడల్ చూసినా, దాన్ని ఒకసారి వేలి కింద తాకినవాడి భయం వేరు.

ఓరుగల్లు_వెట్

సార్, కత్తి మాట ఒప్పుకుంట. కానీ ఒక్కటి అడుగుత. డిసెక్షన్ల కోసిన కండరం మల్ల అతుకుతదా? మా బ్యాచ్‌ల ఒక కాలు, చుట్టూత పదిమందిమి. ముందున్న ఇద్దరికే కనిపిస్తది, ఎనకున్నోళ్ళకు ఫార్మలిన్ వాసన, కండ్లల్ల నీళ్ళు. బైసెప్స్ ఎత్తంగనే దాని ఎనకంచు కింద రిబ్బన్ లెక్క సన్నటి కండరం ఉంటది, అబ్డక్టర్ క్రూరిస్ కాడాలిస్. మావోడు దాన్ని కొవ్వు అనుకుని కోసి బకెట్ల ఏసిండు. గంతే, ఆ సంవత్సరం మా టేబుల్‌కు ఆ కండరం లేదు. మోడల్ల అయితే ఒక్క బటన్ కొడితే మల్ల వస్తది.

వేపేరి_కత్తి

బకెట్‌లో వేసినవాడు ఆ కండరాన్ని జన్మలో మర్చిపోడు. బటన్ కొట్టినవాడికి మర్నాటికి గుర్తుండదు.

ఓరుగల్లు_వెట్

మర్చిపోలే సార్, నిజమే. ఆ మావోడు నేనే.

గన్నవరం_డాక్టరమ్మ

ఇద్దరూ గోడకి చెరోవైపు నిలబడి వాదించుకుంటున్నారు. ముందు మోడల్ తిప్పి చూసుకుని, తర్వాత టేబుల్ దగ్గరికి వెళ్తే చెయ్యి తడబడదు. మా జూనియర్లకి నేను ఇంకోటి కూడా చెప్తా. మోడల్ పక్కన పెట్టుకుని, ఇంట్లో కుక్క ఉంటే దాని తొడ మీద చెయ్యి వేసి వెతకండి అని. తొడ లోపలివైపు సార్టోరియస్, పెక్టినియస్ అనే కండరాల మధ్య పల్లంలో ఫెమోరల్ ధమని కొట్టుకుంటుంది, నాడి చూసేది అక్కడే. తెర మీద ఆ పల్లం చూసి, తర్వాత వేలితో నాడి దొరికిన రోజు పిల్లల మొహాలు చూడాలి.

చిట్టి_వాళ్ళమ్మ

ఇప్పుడే చిట్టికి చూశా. దొరికింది! అది మాత్రం నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

సర్జన్ గారూ, సయాటిక్ అన్నారు కదా. మా పక్కింటివాళ్ళ కుక్కపిల్లకి ఎవరో తొడ వెనక ఇంజెక్షన్ చేశాక పాదం మడిచి, వేళ్ళ పైభాగం నేలకి ఈడుస్తూ నడిచేది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

వేపేరి_కత్తి

దాన్ని చూడకుండా తీర్పు చెప్పను. కానీ మీరు చెప్పిన నడక ఆ నరం దెబ్బతిన్నప్పుడు వచ్చే నడకే. సయాటిక్ కిందికొచ్చి రెండుగా చీలుతుంది, టిబియల్, కామన్ పెరోనియల్. పాదాన్ని ముందుకి ఎత్తే కండరాలకి పెరోనియల్‌దే పెత్తనం. అది పనిచేయకపోతే పాదం మడతపడుతుంది. అందుకే కుక్కకి తొడ వెనక సూది పొడవడం మాకు ఇష్టం ఉండదు. ముందున్న క్వాడ్రిసెప్స్‌లోనో నడుము కండలోనో వేస్తాం.

రమణ గారూ, ఇంత తిట్టాక ఒక మంచిమాట. మీ మోడల్లో కండరాలతో పాటు ఆ నరం పసుపు తాడులా పెట్టండి. ఇంజెక్షన్ నేర్చుకునేవాడు బైసెప్స్ తీసి, కిందనున్న తాడు చూసి జడుసుకోవాలి. అంతవరకైతే మీ బొమ్మకి నా ఓటు.

రిగ్గింగ్_రమణ

రాత్రంతా కూర్చుని మోకాలిని దాని చోట్లో పెట్టా. బైసెప్స్‌ని రెండు చేశా. నడక ఇప్పుడు కుక్క నడకలా ఉంది. డాక్టరమ్మ గారికీ బాబాయ్‌కీ దండాలు.

ఇక రెండో గొడవ. పిక్క దగ్గర మోడల్లో ఉన్న ముక్కల పేర్లు ఇవి: గాస్ట్రాక్నీమియస్ రెండు తలలు, సోలియస్, సూపర్‌ఫీషియల్ డిజిటల్ ఫ్లెక్సర్, డీప్ డిజిటల్ ఫ్లెక్సర్, పాప్లిటియస్. క్లయింట్ పట్టికలో సోలియస్ లేదు. నేనే చేర్చుకోవాలా? మర్చిపోయుంటారా?

గన్నవరం_డాక్టరమ్మ

ఆగండాగండి. సోలియసా?

కుక్కకి సోలియస్ ఉండదు.

బ్లెండర్_బాబాయ్

అనుకున్నా. మనిషి కాలు తీసుకుని కుక్క ఎముకలకి సాగదీసి అతికించేశాడు. మార్కెట్లో ఇలాంటివి చాలా చూశా. మనిషి పిక్కలో గాస్ట్రాక్నీమియస్ కింద సోలియస్ ఉంటుంది కదా. ఆరు వేలు హరీ.

వేపేరి_కత్తి

తొందరపడకండి. పిరుదు చూడాలి. మనిషికి గ్లూటియస్ మాక్సిమస్ ఒంట్లోకల్లా పెద్ద కండ. కుక్కకి అదే చోట ఉండే సూపర్‌ఫీషియల్ గ్లూటియల్ చిన్నది, పిరుదులో పెద్దది మిడిల్ గ్లూటియల్. మీ మోడల్లో పైనున్నది పెద్దదా చిన్నదా?

రిగ్గింగ్_రమణ

చిన్నదే సార్, అరచేతి బిళ్ళంత. మధ్యదే పెద్దది.

వేపేరి_కత్తి

అయితే మనిషి కాదు.

బ్లెండర్_బాబాయ్

పిరుదు వరకు కుక్కది తీసుకుని పిక్క మనిషిది అతికించుండొచ్చు కదా సార్. మా లైన్లో అదీ చేస్తారు.

ఓరుగల్లు_వెట్

రమణన్నా, తొడ ముందంచుల సార్టోరియస్ ఎట్లుంది? కుక్కకు రెండు పట్టీలు ఉండాలె, ముందుదొకటి, ఎనకదొకటి.

రిగ్గింగ్_రమణ

ఒక్కటే. వెడల్పాటి పట్టీ. పట్టికలో మాత్రం ముందుభాగం, వెనకభాగం అని రెండు పేర్లున్నాయి. ఒకదాన్నే రెండుగా కోద్దామనుకుంటున్నా.

బ్లెండర్_బాబాయ్

చూశారా! మనిషికీ ఒక్కటే కదా. దర్జీ కండరం.

ఓరుగల్లు_వెట్

కొయ్యకు అన్నా. బాబాయ్, జర ఆగు. ఆఖరిది ఒకటి. సూపర్‌ఫీషియల్ గ్లూటియల్‌కు బైసెప్స్‌కు నడుమ, తోక మొదలు దగ్గరికెల్లి కిందికి దిగే ఇంకో పట్టీ ఉందా?

రిగ్గింగ్_రమణ

ఉంది. దానికి పేరు లేదు, "ఎక్స్‌ట్రా 02" అని పెట్టారు. పొరపాటున మిగిలిన ముక్కేమో అని దాచేశా. తియ్యనా?

ఓరుగల్లు_వెట్

తియ్యకు! అది గ్లూటియోఫెమోరాలిస్. మనిషికి ఉండదు, కుక్కకు ఉండదు.

డాక్టరమ్మ గారూ, మీరే చెప్పున్రి. నాకు నవ్వు ఆగుతలేదు.

గన్నవరం_డాక్టరమ్మ

సోలియస్ ఉంది. సార్టోరియస్ ఒకటే పట్టీ. గ్లూటియోఫెమోరాలిస్ ఉంది. సూపర్‌ఫీషియల్ గ్లూటియల్ చిన్నది.

రమణ గారూ, మీరు కొన్నది పిల్లి కాలు.

బిర్యానీ_లెగ్‌పీస్

మ్యావ్.

చిట్టి_వాళ్ళమ్మ

అయ్యో రామ! చిట్టికి చెప్పకూడదు ఈ సంగతి.

బిర్యానీ_లెగ్‌పీస్

అమ్మినవాడు కళ్ళు మూసుకుని పాలు తాగాడు. ఎవరూ చూడట్లేదనుకున్నాడు. పాపం ఓరుగల్లు అంబా అన్న చూశాడు.

బ్లెండర్_బాబాయ్

నా మనిషి సిద్ధాంతం వెనక్కి తీసుకుంటున్నా. రమణా, వేళ్ళు చూసుంటే ముందే దొరికేది. చివరి ఎముక పక్కకి ముడుచుకుని ఉందా? పిల్లి గోళ్ళు లోపలికి దాచుకుంటుంది కదా.

రిగ్గింగ్_రమణ

ముడుచుకునే ఉంది. నేను దాన్ని మోడలింగ్ తప్పనుకుని మొన్ననే గంటన్నర కూర్చుని నిటారుగా "సరిచేశా".

అమ్మినవాడికి మెసేజ్ పెట్టా. రెండు రోజుల తర్వాత జవాబు: "నాలుగు కాళ్ళ జంతువులన్నిటికీ పనికొస్తుంది సార్, కొంచెం అడ్జస్ట్ చేసుకోండి." మా ఇంటి ఓనరు కుళాయిలో నీళ్ళు రానప్పుడు "స్వల్ప అడ్జస్ట్ మాడి" అంటాడు, సరిగ్గా అదే గొంతు వినిపించింది. డబ్బు తిరిగి రాదట, ఫైల్ డౌన్‌లోడ్ అయిపోయింది కాబట్టి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. అదీ పిల్లి కాలు.

ఇప్పుడు మొదట్నుంచీ చెయ్యాలి. నెల రోజులుంది. ఎక్కడ మొదలుపెట్టను?

ఓరుగల్లు_వెట్

ఎముకలతోని మొదలుపెట్టు. కుక్క సీటీ స్కాన్ డేటా దొరికితే 3డి స్లైసర్‌ల ఏస్కో, అది ఫ్రీ సాఫ్ట్‌వేర్. ఎముక గట్టిగుంటది కాబట్టి థ్రెషోల్డ్, అంటే ఇంతకన్న గట్టివే చూపియ్యి అని హద్దు, పెట్టంగనే ఎముకలు విడిగ వచ్చేస్తయి. కండరాలు అట్ల రావు. సీటీల అన్ని కండరాలు దగ్గర దగ్గర ఒకటే బూడిద రంగు, నడుమ కొవ్వు గీత ఉన్నకాడనే హద్దు తెలుస్తది. స్లైసు స్లైసుకు చేత్తో గీసుకోవాలె. ఎమ్మారై ఉంటే జర నయం.

ఇంకోటి. మా డిపార్ట్‌మెంట్ల వచ్చే నెల డిసెక్షన్ ఉంది. మా సారు పర్మిషన్ ఇస్తే నువ్వు కెమెరా తెచ్చుకో, పొర తీసినప్పుడల్లా చుట్టూత తిరిగి ఫొటోలు తీద్దాం. ఆ ఫొటోలకెల్లి మోడల్ కట్టొచ్చు.

బ్లెండర్_బాబాయ్

అలా ఫొటోల నుంచి మోడల్ కట్టే ఫొటోగ్రామెట్రీకి తడి శత్రువు. మెరుపు కెమెరాతో పాటు జరుగుతుంటుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని ఉపరితలం అనుకుని గుంటలు పెట్టేస్తుంది. గుడ్డతో అద్ది, ఫ్లాష్ లేకుండా, తెల్ల పరదా వెనకనుంచి వెలుతురు పడేలా చూడు. కాలు కదపకు, నువ్వే తిరుగు. ఒక్కో ఫొటోలో ముందు ఫొటోది సగానికి పైగా కనపడాలి. వచ్చిన మెష్, అంటే మోడల్ పైపొర వల, లక్షల ట్రయాంగిల్స్ ఉంటుంది, అలాగే బ్రౌజర్లో పెడితే ఫోన్ ఇస్త్రీపెట్టె అవుతుంది. డెసిమేట్ చేసి ట్రయాంగిల్స్ తగ్గించు, వివరమంతా నార్మల్ మ్యాప్‌లోకి, అంటే ఎత్తుపల్లాలు ఉన్నట్టు చూపించే బొమ్మలోకి దించు.

వేపేరి_కత్తి

మొదట్నుంచీ చేస్తున్నారు కాబట్టి అందరూ వదిలేసేవి రెండు ఇప్పుడే చెప్తాను.

ఇలియోప్సోయాస్. నడుము వెన్నుపూసల కింద మొదలై తొడ ఎముక లోపలివైపు లెస్సర్ ట్రోకాంటర్ అనే బుడిపెకి అతుక్కుంటుంది. తుంటిని ముడిచేది ప్రధానంగా ఇదే. బయటికి కనపడదు, కాలు మోడల్ తుంటి దగ్గర తెగిపోతే ఇదీ పోతుంది. బాగా గెంతే, పరిగెత్తే కుక్కల్లో పట్టేసేది తరచు ఈ కండరమే, కాబట్టి వదలకండి.

రెండోది మడమ మొనకి వచ్చే టెండన్, కండని ఎముకకి కట్టే నారు. దాన్ని ఒకే తాడుగా చేస్తారు. అది జడ. గాస్ట్రాక్నీమియస్ ఒక పాయ, సూపర్‌ఫీషియల్ డిజిటల్ ఫ్లెక్సర్ ఒక పాయ, బైసెప్స్, సెమిటెండినోసస్, గ్రాసిలిస్ నుంచి వచ్చినవి కలిసి ఇంకో పాయ. ఆ రెండో పాయ మడమ మొన మీద టోపీలా ఎక్కి, ఆగకుండా వేళ్ళ దాకా పోతుంది. మొత్తం తెగితే కుక్క మడమ నేలకి ఆనించి నడుస్తుంది. గాస్ట్రాక్నీమియస్ పాయ తెగి రెండోది మిగిలితే హాక్ దిగబడుతుంది, వేళ్ళు మాత్రం ముడుచుకుంటాయి. మీ రిగ్‌లో ఆ పాయలు విడివిడిగా ఆపగలిగితే ఈ తేడా చూపించొచ్చు. నా విద్యార్థులకి నేనే చూపిస్తాను.

గన్నవరం_డాక్టరమ్మ

సర్జన్ గారు పార్టీ మార్చారు!

వేపేరి_కత్తి

మార్చలేదమ్మా. బయటినుంచి మద్దతు.

చిట్టి_వాళ్ళమ్మ

కదలిక చూసుకోవడానికి లైవ్ కుక్క కావాలంటే ఆదివారం కబ్బన్ పార్కుకి రండి రమణ గారూ. చిట్టిని తీసుకొస్తా. కొంచెం కొవ్వు పట్టింది, కండరం కనపడుతుందో లేదో.

ఓరుగల్లు_వెట్

లాబ్రడార్‌ల కనపడదక్కా. ముధోల్ జాతి వేటకుక్క కావాలె. పొట్టి బొచ్చు, కొవ్వు తక్కువ, తొడల బైసెప్స్ గీత బయటికే కొడుతది. 2005ల తపాలా బిళ్ళ మీద కూడ ఎక్కింది. మా సీనియర్ దగ్గర ఒకటుంది, అడుగుత.

రిగ్గింగ్_రమణ

ఆదివారం కబ్బన్ పార్కు, ఖాయం. ముధోల్, చిట్టి ఇద్దరూ రావాలి. క్లయింట్‌కి కూడా ఫోన్ చేసి జరిగింది ఉన్నదున్నట్టు చెప్పా. చాలాసేపు నవ్వి ఇంకో పది రోజులు ఇచ్చారు.

ఆ పిల్లి ఫైల్ మాత్రం డెస్క్‌టాప్ మీద అలాగే ఉంది. చూసినప్పుడల్లా కడుపు మండుతోంది. డిలీట్ చేసేద్దామనుకుంటున్నా.

వేపేరి_కత్తి

చెయ్యకండి. మా క్లినిక్‌కి పిల్లులు కూడా చాలా వస్తాయి, ఓనర్లకి చూపించడానికి కాలు మోడల్ లేదు. ఎంతకిస్తారు?

రిగ్గింగ్_రమణ

ఇంకొకరికి అమ్మే హక్కు నాకు లేదు సార్, లింకు పంపిస్తా, మీరే కొనుక్కోండి. వేళ్ళు మాత్రం నిటారు చెయ్యకండి.